అతిథి వక్తను ఆహ్వానించడం – మూడవ పాఠం: ప్రసంగానికి ముందు జరగవలసిన సంభాషణ

రెండవ పాఠం అభ్యాసం పూర్తి చేసినవారి దగ్గర ఈపాటికి నాలుగైదు స్థానిక సేవా బృందాల జాబితా, వాటిలో ఒక బృందం నుంచి "తప్పకుండా వస్తాము" అన్న జవాబు ఉండాలి. లయన్స్, రోటరీ వంటి సేవా క్లబ్బులలో కార్యక్రమ బాధ్యత చూసేవారు చాలామంది తమ పని అంతటితో అయిపోయిందనుకుని, తేదీ డైరీలో రాసుకుని, సమావేశం రోజున గుమ్మం దగ్గర వక్తకు నమస్కరించే వరకు మళ్లీ ఆయనతో మాట్లాడరు. ప్రసంగం ఫలిస్తుందా లేదా అన్నది ఈ మధ్య రోజుల్లోనే తేలిపోతుంది. అందువల్ల ఈ పాఠమంతా ఒకే ఒక సంభాషణకు కేటాయిస్తున్నాను. అది సమావేశానికి వారం, పది రోజుల ముందు వక్తతో మీరు తీరికగా జరపవలసిన అరగంట సంభాషణ.

దీని అవసరం నాకు ఒక పొరపాటు వల్ల తెలిసింది. నేను ఈ బాధ్యత చేపట్టిన మొదటి సంవత్సరంలో, ఒంటరిగా ఉంటున్న వృద్ధులకు తోడ్పడే ఒక చిన్న బృందం నుంచి ఒక కార్యకర్తను పిలిచాను. "మీ సంస్థ గురించి చెప్పండి" అన్నానే తప్ప మరేమీ వివరించలేదు. ఆమె వచ్చి, బృందం ఏర్పడిన నాటి నుంచి చేసిన కార్యక్రమాలన్నిటినీ వార్షిక నివేదిక చదివినట్లుగా వరుసగా చెప్పారు. సభ్యులు మర్యాదగా విన్నారు, చప్పట్లు కొట్టారు, జ్ఞాపిక అందజేశాము. వీడ్కోలు చెబుతున్నప్పుడు ఆమె, వృద్ధులకు మందులు చేరవేయడానికి వారానికి రెండు సాయంత్రాలు కారు నడిపేవారు ఇద్దరు దొరికితే ఎంతో మేలని, సభలో ఆ మాట అడగవచ్చో లేదో తెలియక ఊరుకున్నానని అన్నారు. ఆ గదిలో కూర్చున్నవారిలో కారు నడపగలవారే ఎక్కువ. అడగవచ్చునని ముందే చెప్పవలసింది నేను; చెప్పలేదు.

సేవా బృందాలలో పనిచేసేవారు పనిలో ఆరితేరినవారే కానీ, చాలామందికి ప్రసంగించే అలవాటు ఉండదు. వైద్యులు, న్యాయవాదులు, వ్యాపారులు కూర్చున్న సభలో నిలబడగానే, తమ సంస్థ నమ్మదగినదని ముందుగా రుజువు చేసుకోవాలని వారికి అనిపిస్తుంది. అందుకే లెక్కలూ, తేదీలూ, పురస్కారాలూ చదువుతారు. మీరు పిలిచారంటేనే నమ్మకం కుదిరినట్లు. ఈ ఒక్క మాట మీ నోట వింటే వారి మనసులో సగం భారం దిగిపోతుంది.

అతిథి ప్రసంగం ఏమి సాధించగలదో చూపడానికి సేవా క్లబ్బుల చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1925 జూన్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ క్లబ్బుల అంతర్జాతీయ మహాసభలో, చూపు, వినికిడి రెండూ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడారు. అంధుల కోసం పనిచేసే ఒక జాతీయ సంస్థ పక్షాన ఆమె వచ్చారు. ఆ ప్రసంగ పాఠం చదవడానికి కొద్ది నిమిషాలు చాలు. తలుపు తట్టే అవకాశం తానేనని ఆమె సభ్యులతో అన్నారు. తన గురువు వల్ల తన జీవితం ఎలా మారిందో క్లుప్తంగా చెప్పారు. ఆపైన, నివారించగల అంధత్వం లేని రోజును దగ్గర చేసే పనిని భుజాన వేసుకొమ్మని సూటిగా అడిగారు. లయన్స్ ఆ పనిని తమదిగా స్వీకరించారు. 1930లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా క్లబ్బు అంధులకు తెల్ల చేతికర్రలను ప్రచారంలోకి తెచ్చింది. 1990లో సైట్‌ఫస్ట్ అనే పేరుతో అంతర్జాతీయ దృష్టి పరిరక్షణ కార్యక్రమం మొదలయింది. హెలెన్ కెల్లర్ వంటి వక్త మన క్లబ్బుకు రాకపోవచ్చును గానీ, ఆ ప్రసంగపు నడక, అంటే ఒక జీవితం, ఒక అవసరం, ఒక కోరిక అన్న క్రమం ఏ వక్తకైనా అందుబాటులో ఉన్నదే.

ఇక సంభాషణలోకి వద్దాము. "మా సభ్యుల వల్ల ఏ సాయం అందితే రాబోయే మూడు నెలల్లో మీ పని తేలికవుతుంది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. మొదటి జవాబు సాధారణంగా విరాళమే అవుతుంది. దానిని గౌరవంగా రాసుకుని, "డబ్బు కాక మరేదైనా?" అని అడిగి కాసేపు ఆగండి. ఆ మౌనాన్ని మీరు తొందరపడి పూరించకూడదు. లెక్కల పుస్తకాలు సరిచూసేవారు కావాలనో, సామాన్లు దాచుకోవడానికి గది కావాలనో, ఒప్పంద పత్రం చదివిపెట్టే న్యాయవాది కావాలనో అప్పుడు బయటికి వస్తుంది. ఇటువంటి అవసరాలకు సేవా క్లబ్బు తగిన చోటు. 1905లో షికాగోలో రోటరీ తొలిసారి సమావేశమైనప్పుడు ఆ నలుగురిలో ఒకరు న్యాయవాది, ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజినీరు, ఒకరు దర్జీ. వేర్వేరు వృత్తుల వారిని ఒక చోట చేర్చడం ఈ క్లబ్బుల పుట్టుకలోనే ఉంది కనుక, వక్త కోరికను ఏదో ఒక వృత్తి నైపుణ్యానికి ముడివేయగలిగితే సభలో కనీసం ఒకరైనా అది తన పనేనని గుర్తిస్తారు.

అయితే ఫోనులో ఏ హామీ ఇవ్వకండి. సమావేశంలో విరాళాలు అడగడాన్ని అనుమతించని క్లబ్బులు ఉన్నాయి. మీ క్లబ్బు పద్ధతి ఏమిటో అధ్యక్షులను, కార్యదర్శిని ముందే అడిగి తెలుసుకుని, ఉన్నది ఉన్నట్లు వక్తకు చెప్పండి. ఆశ పెట్టి తర్వాత కాదనడం కంటే మొదటే హద్దు చెప్పడమే వారికి మనమిచ్చే మర్యాద.

తరువాత, సాయం పొందిన ఒక్క వ్యక్తి గురించి చెప్పమని వక్తను కోరండి. ఇక్కడ మీరు పట్టుబట్టవలసిన విషయం ఒకటుంది: ఆ వ్యక్తి అంగీకారం లేకుండా పేరు గానీ ముఖం గానీ సభలో కనబడకూడదు. పిల్లల ఫొటోల విషయంలో నేను మరింత కఠినంగా ఉంటాను. ముఖాలు కనిపించే స్లైడ్లు అసలు వద్దంటాను. కష్టంలో ఉన్న మనిషిని ప్రదర్శనకు పెట్టి సంపాదించిన జాలి ఆ మనిషికే అన్యాయం చేస్తుంది.

ఇరవై నిమిషాలు కేటాయించినట్లయితే, పన్నెండు నిమిషాలు ప్రసంగానికి, మిగిలినవి ప్రశ్నలకు అని చెప్పండి. సంస్థ చరిత్రకు రెండు నిమిషాలు మించనివ్వవద్దు. మైకు, ప్రొజెక్టరు సంగతి ఒక వాక్యంలో తేల్చవచ్చు.

సంభాషణ ముగిసిన రోజే, అనుకున్నదంతా కాగితం మీద పెట్టండి. నేను పంపే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది: "నమస్కారం. మీరు మా సమావేశానికి రావడానికి అంగీకరించినందుకు కృతజ్ఞతలు. మీ ప్రసంగానికి పన్నెండు నిమిషాలు, ప్రశ్నలకు ఎనిమిది నిమిషాలు ఉంటాయి. చివరి నిమిషంలో, మనం మాట్లాడుకున్న ప్రకారం, వాహనం నడిపే ఇద్దరు స్వచ్ఛంద సేవకులు కావాలని మీరు సభ్యులను నేరుగా అడగవచ్చును. ముందుకు వచ్చినవారి పేర్లు నేను అక్కడే రాసి మీకు అందజేస్తాను." ఆఖరి వాక్యం మరచిపోకండి. పేర్లు రాసుకునేవారు లేకపోతే, సభలో కలిగిన సదుద్దేశం ఇంటికి చేరేలోపే చల్లారిపోతుంది.

అభ్యాసం: మీ జాబితాలోని వక్తకు ఫోను చేసి, పైన చెప్పిన రెండు ప్రశ్నలు అడిగి, వారి అవసరాన్ని పదిహేను పదాలు మించని ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యాన్ని సంస్థ గురించి ఏమీ తెలియని ఒకరికి చదివి వినిపించి, "ఇప్పుడు మీరేమి చేయగలరు?" అని అడగండి. వారు తడుముకుంటే వక్తతో మళ్లీ మాట్లాడి, వాక్యాన్ని తిరగరాయండి. నాలుగవ పాఠంలో, ఈ వాక్యాన్ని ముందే బయటపెట్టకుండా సభకు వక్తను పరిచయం చేయడం ఎలాగో చూద్దాము.