రీఫ్ ట్యాంక్ ఫిల్టరేషన్: లక్షణం ఏమిటి, లోపం ఎక్కడ, ఏం చేయాలి

రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఏదో తేడాగా ఉందనిపించగానే కొత్త పరికరం కొనేయాలని తొందరపడతాం. ముందు టెస్ట్ కిట్ తీయండి. అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్, సాలినిటీ (ఉప్పదనం) ఎంతున్నాయో తెలియకుండా ఏ ఫిల్టర్ కొన్నా గుడ్డిగా కొన్నట్టే. రీఫ్ ట్యాంక్‌కు అసలు ఫిల్టర్ లైవ్ రాక్, అంటే బ్యాక్టీరియా స్థిరపడిన రంధ్రాల రాయి. మిగతావన్నీ దాని మీద భారం తగ్గించడానికి పెట్టుకునేవి.

సమస్య: నీళ్లు ఎన్నిసార్లు మార్చినా నైట్రేట్ దిగడం లేదు

సంప్‌లోనో (ఫిల్టర్ సామాను పెట్టే విడి తొట్టి), కానిస్టర్‌లోనో (మూత బిగించిన ఫిల్టర్ డబ్బా) ఏముందో చూడండి. బయోబాల్స్ (బ్యాక్టీరియా పెరగడానికి వేసే ప్లాస్టిక్ బంతులు), సిరామిక్ రింగులు, వారాల తరబడి కడగని స్పాంజ్ ఉంటే అనుమానించాల్సింది వాటినే. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. దీనికి ఆక్సిజన్ కావాలి. బయోబాల్స్ మీద అది పుష్కలంగా దొరుకుతుంది. నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే బ్యాక్టీరియా మాత్రం ఆక్సిజన్ అందని చోటే పనిచేస్తుంది. అలాంటి చోటు లైవ్ రాక్ లోపలి సన్నటి రంధ్రాల్లో ఉంటుంది, నీళ్లు జోరుగా పారే బయోబాల్ మీద ఉండదు. అందుకే అక్కడ పని నైట్రేట్ దగ్గరే ఆగిపోతుంది. ఇక స్పాంజ్‌లో చిక్కిన మడ్డి మన కంటికి కనిపించకపోయినా నీళ్లలోనే ఉంది, అక్కడే కుళ్లుతోంది.

రాక్ సరిపడా ఉంటే బయోబాల్స్‌ను వారానికి కొన్ని చొప్పున తీసేయండి. అన్నీ ఒకేసారి తీస్తే అమ్మోనియా ఒక్కసారిగా పెరగవచ్చు. ఫిల్టర్ సాక్‌ను (మడ్డి పట్టే సంచి) మూడు నాలుగు రోజులకోసారి ఉతకండి. ఉతికే ఓపిక లేదనుకుంటే సాక్ పెట్టకపోవడమే నయం. కానిస్టర్ వదులుకోలేకపోతే అందులో యాక్టివేటెడ్ కార్బన్ మాత్రమే ఉంచి, తరచూ శుభ్రం చేయండి.

ప్రోటీన్ స్కిమ్మర్ నైట్రేట్‌ను తీసేస్తుందని ఒక అపోహ ఉంది. అది నైట్రేట్‌ను తీయదు. సన్నటి గాలి బుడగలకు అంటుకునే సేంద్రియ వ్యర్థాలను, అవి కుళ్లకముందే నురగతో పాటు కప్పులోకి తోస్తుంది. ఇప్పటికే పేరుకున్న నైట్రేట్ తగ్గాలంటే నీళ్లు మార్చాలి, లేదా రెఫ్యూజియంలో (నాచు కోసం లైటు పెట్టిన విడి గది) కీటోమార్ఫా నాచు పెంచాలి. నీళ్లు మార్చడంలో లెక్క చూసుకోండి: నైట్రేట్ 40 పీపీఎం ఉన్నప్పుడు 20 శాతం నీళ్లు మారిస్తే మిగిలేది 32. నైట్రేట్ పుట్టే చోటును సరిచేయకుండా నీళ్లు మారుస్తూ పోతే శ్రమంతా వృథా.

వంద లీటర్ల లోపు ట్యాంక్, తక్కువ చేపలు అయితే స్కిమ్మర్ అక్కర్లేదనే నా అభిప్రాయం. వారానికి 10 నుంచి 15 శాతం నీళ్లు క్రమం తప్పకుండా మారిస్తే చాలు.

సమస్య: స్కిమ్మర్ కప్పు ఖాళీగా ఉంటుంది, లేదా పొంగిపోతుంది

కొత్త స్కిమ్మర్ అయితే కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా ఆగండి, కుదురుకుంటుంది. పాతదైతే సంప్‌లో నీటి మట్టం చూడండి. ఆవిరైన నీళ్లను ఎప్పటికప్పుడు నింపకపోతే మట్టం మారుతుంది, దాంతో నురగ ఎత్తూ మారుతుంది. గాలి పీల్చే గొట్టంలో ఉప్పు గట్టిపడితే బుడగలు తగ్గిపోతాయి, గోరువెచ్చని నీళ్లతో కడగాలి. నూనె ఉన్న మేత వేశాక కొన్ని గంటలు నురగ రాకపోవడం మామూలే. టెన్షన్ పడి సెట్టింగులు తిప్పకండి.

సమస్య: ఇసుక మీదా రాళ్ల మీదా గోధుమ రంగు పాకుడు

ఇక్కడే చాలామంది పొరబడతారు. చూడ్డానికి ఒకేలా ఉన్నా కారణాలు రెండు, వైద్యమూ వేరు.

ట్యాంక్ కొత్తదై, పాకుడు దుమ్ములా తేలిగ్గా తుడుచుకుపోతుంటే అవి బహుశా డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు. నీళ్లలోని సిలికేట్ వాటికి ఆహారం. ట్యాంక్‌కు వాడే ఆర్‌ఓ డీఐ (వడపోసి శుద్ధి చేసిన) నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన పదార్థాల మొత్తం, సున్నా రావాలి. రాకపోతే డీఐ రెజిన్ మార్చండి.

జిగట తీగల్లా సాగుతూ, కొసన బుడగలు పట్టుకుని ఉంటే, పైగా నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తుంటే అవి డైనోఫ్లాజెల్లేట్స్ అనే సూక్ష్మజీవులు కావచ్చు. మైక్రోస్కోప్ దొరికితే చూసి ఖాయం చేసుకోండి. ఇది ఫిల్టరేషన్ తక్కువై వచ్చిన జబ్బు కాదు, ఎక్కువై వచ్చింది. పోషకాలు పూర్తిగా పోతే వీటికి పోటీగా నిలిచే సూక్ష్మజీవులు బలహీనపడతాయి. ఫాస్ఫేట్ తీసే మీడియాను ఆపండి, రెఫ్యూజియం లైటు తగ్గించండి, మేత కాస్త పెంచండి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్యకు తెచ్చి అక్కడే నిలపండి. రాత్రిపూట నీళ్లలోకి తేలే రకాలకు యూవీ (నీళ్లను అతినీలలోహిత కాంతి గుండా పంపే పరికరం) బాగా పనిచేస్తుంది. ఈ దశలో నీళ్లు మార్చకండి, చాలాసార్లు ఇంకా ముదురుతుంది.

సమస్య: ఫాస్ఫేట్ తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరుగుతోంది

రాళ్లు తమలో పట్టి ఉంచిన ఫాస్ఫేట్‌ను మెల్లగా వదులుతుండవచ్చు. జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పట్టేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) వాడండి, కానీ ప్యాకెట్ మీద రాసిన దానిలో సగంతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా ఫాస్ఫేట్ పడిపోతే పగడాలు రంగు కోల్పోతాయి.

సమస్య: నీళ్లు పసుపుగా, పగడాలు ముడుచుకుని ఉన్నాయి

కరిగిన సేంద్రియ పదార్థాల వల్ల ఈ పసుపు వస్తుంది. లెదర్ కోరల్స్ లాంటి మెత్తటి పగడాలు పొరుగువాటి మీద రసాయనాలు కూడా వదులుతాయి. రెండింటికీ యాక్టివేటెడ్ కార్బనే మందు. బాగా కడిగి పెట్టి, నెలకోసారి మార్చండి.

సమస్య: కరెంటు పోయి వచ్చాక చేపలు పైకొచ్చి రొప్పుతున్నాయి

మూసి ఉన్న కానిస్టర్‌లో నీళ్లు గంటల తరబడి నిలిచిపోతే ఆక్సిజన్ అయిపోయి లోపలి బ్యాక్టీరియా చస్తుంది. ఆ నీళ్లను ట్యాంక్‌లోకి పోనివ్వకండి. కానిస్టర్ విప్పి, పారబోసి, కడిగాకే ఆన్ చేయండి. ఈలోగా ఎయిర్ పంప్ నడిపి, అమ్మోనియా చూడండి. మరోసారి ఇలా జరగకుండా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి దగ్గర ఉంచుకోండి.