స్పానిష్‌లో పలకరింపులు, వీడ్కోళ్లు: తెలుగు నోటితో నేర్చుకునే పద్ధతి

స్పానిష్ పలకరింపులను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకొని నేర్చుకోవడం మొదలుపెట్టిన వారికి నేను ముందుగా చెప్పేది ఒక్కటే: ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ప్రతి మాటనూ తెలుగు లిపిలో రాసుకోండి. స్పానిష్‌లోని ‘త’, ‘ద’ ధ్వనులు నాలుక కొన పై పళ్లను తాకగా పుట్టేవి. అవి మన త, ద లకు చాలా దగ్గరగా ఉంటాయి కాని ట, డ ల వంటివి కావు. పెదవుల ముందు పలుచని కాగితం పట్టుకొని ‘తాల్’ అని పలికి చూడండి. కాగితం కదలకపోతే మీ ఉచ్చారణ సరైన దారిలో ఉన్నట్టే. ఇంగ్లిష్ అలవాటుతో గాలి వదిలి ‘ఠాల్’ అన్నట్టు పలికితే కాగితం ఊగుతుంది.

ఈ వ్యాసంలో దీర్ఘం ఉన్నచోట ఊనిక ఇచ్చి, మిగిలిన అచ్చులను క్లుప్తంగా పలకాలి. అన్నిటికంటే తేలికైన పలకరింపు ‘ఓల’. రాతలో దీని ముందు ఒక ‘హ’ అక్షరం ఉన్నా దానిని పలకరు. ఇది ఏ వేళకైనా సరిపోతుంది కాని, పెద్దలతో, అపరిచితులతో మాట్లాడేటప్పుడు వేళను బట్టి చెప్పే పలకరింపును వాడటమే మర్యాద.

ఉదయం ‘బ్వేనొస్ దీయస్’, మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ‘బ్వేనస్ తార్దెస్’, చీకటి పడ్డాక ‘బ్వేనస్ నోచెస్’ అంటారు. మొదటి దానిలో ‘బ్వేనొస్’, తక్కిన రెండింటిలో ‘బ్వేనస్’ రావడానికి కారణం వ్యాకరణ లింగం: పగటిని సూచించే ‘దీయ’ ఆ భాషలో పుంలింగ పదం, మిగిలిన రెండూ స్త్రీలింగ పదాలు. వస్తువులకూ వేళలకూ ఇలాంటి లింగభేదం తెలుగులో లేదు కనుక తడబాటు సహజమే. అందుకే నియమాన్ని తలచుకుంటూ పలకడం కంటే, మూడింటినీ జంట పదాలుగా కంఠస్థం చేయడం మేలు. స్పెయిన్‌లో ‘తార్దెస్’ మధ్యాహ్న భోజనం తర్వాతే మొదలవుతుంది కాబట్టి, ఒంటిగంటకు ఎవరైనా ‘బ్వేనొస్ దీయస్’ అంటే అది పొరపాటు కాదు. ‘బ్వేనస్ నోచెస్’ను నిద్రకు వెళ్లే ముందు చెప్పే మాటగానే భావించవద్దు, రాత్రి పూట ఒక ఇంట్లోకి అడుగుపెడుతూ చెప్పే తొలి పలకరింపు కూడా అదే.

కుశలప్రశ్న దగ్గర తెలుగువారికి మరో సౌలభ్యం ఉంది. ‘ఎలా ఉన్నావు’, ‘ఎలా ఉన్నారు’ అన్నప్పుడు నువ్వు, మీరు అనే మాటలు లేకపోయినా క్రియ చివరి భాగమే గౌరవాన్ని తెలియజేస్తుంది. స్పానిష్‌లోనూ అంతే. చనువున్నవారిని ‘కోమొ ఎస్తాస్’ అని, గౌరవించవలసినవారిని ‘కోమొ ఎస్తా’ అని అడుగుతారు. మర్యాద మరింత స్పష్టంగా ఉండాలంటే చివర ‘ఉస్తేద్’, అంటే ‘మీరు’ అనే మాట చేర్చవచ్చు. జవాబుగా ‘ముయ్ బ్యేన్, గ్రాస్యస్’, అంటే ‘చాలా బాగున్నాను, ధన్యవాదాలు’ అని చెప్పి, వెంటనే చనువుంటే ‘ఇ తూ’, అంటే ‘మరి నువ్వు’ అని, లేకుంటే ‘ఇ ఉస్తేద్’ అని తిరిగి అడగాలి. అర్జెంటీనాలో ‘తూ’కు బదులు ‘బోస్’ అంటారు, అయితే ‘కోమొ ఎస్తాస్’ మాత్రం అక్కడా మారదు. స్నేహితుల మధ్య ‘కే తాల్’ అన్నా చాలు. స్పెయిన్‌లో అధిక భాగంలో ‘గ్రాస్యస్’లోని ‘స్య’ను, నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి గాలి ఊదినట్టుగా పలుకుతారు; లాటిన్ అమెరికాలో స్పానిష్ మాట్లాడే దేశాల్లో సాధారణంగా మామూలు ‘స’ వినిపిస్తుంది. రెండూ సరైనవే కనుక, ఏదో ఒకటి ఎంచుకొని దానికే కట్టుబడండి.

వీడ్కోలు విషయంలో కొత్తవారు చాలామంది ‘అద్యోస్’ ఒక్కటే నేర్చుకుంటారు. అది తప్పు మాట కాదు. వీధిలో ఎదురెదురుగా నడిచే ఇద్దరు పరిచయస్థులు ఆగకుండానే ఒకరికొకరు ‘అద్యోస్’ అనుకొని సాగిపోవడం స్పెయిన్‌లో వినిపిస్తుంది. కాని రోజువారీ మాటల్లో ఎక్కువగా అక్కరకు వచ్చేది ‘ఆస్త ల్వేగొ’. ‘ఆస్త’ అంటే ‘వరకు’, ‘ల్వేగొ’ అంటే ‘తర్వాత’. మళ్లీ కలిసే ఉద్దేశం లేని అపరిచితునితో కూడా దీనిని అంటారు. ‘వెళ్తాను’ అనడానికి మనసొప్పక ‘వెళ్లొస్తాను’ అనే మనకు ఈ మాట స్వభావాన్ని వివరించనక్కరలేదు. ఈ ‘ఆస్త’ పక్కన సమయాన్ని మార్చుకుంటే కొత్త వీడ్కోళ్లు వాటంతట అవే ఏర్పడతాయి: ‘ఆస్త మఞాన’ అంటే రేపటి వరకు, ‘ఆస్త ఎల్ లూనెస్’ అంటే సోమవారం వరకు. అక్షరమాలలో నేర్చుకొని ఆ తర్వాత విడిగా రాసే అవసరం అంతగా రాని ‘ఞ’ ఇక్కడ అచ్చంగా పనికివస్తుంది. మిత్రులతో ‘నొస్ బేమొస్’, అంటే ‘కలుద్దాం’ అనవచ్చు.

తొలి పరిచయంలో ‘మూచొ గూస్తొ’ అని సంతోషం తెలపాలి. అదే మాట ఎదుటివారు ముందుగా అంటే, ‘మీకూ అలాగే’ అనే అర్థంలో ‘ఇగ్వల్‌మేంతె’ అని బదులివ్వండి. వీడ్కోలు వేళ ఎవరైనా ‘కె తేంగ ఉన్ బ్వేన్ దీయ’, అంటే ‘మీకు ఈ రోజు బాగా గడవాలి’ అన్నప్పుడు కూడా ‘గ్రాస్యస్, ఇగ్వల్‌మేంతె’ అంటే సరిపోతుంది.