గిర్రున తిరిగే వేడి నక్షత్రాల కంపనాలు: టెస్ డేటాతో ఎలా మొదలుపెట్టాలి

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే ఈ పనిలో చాలామంది తడబడేది ఇక్కడే. నక్షత్రం వెలుగులోని హెచ్చుతగ్గులని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి గీసిన గ్రాఫులో పీక్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కనిపిస్తే నక్షత్రం లోపల కూడా అదే ఫ్రీక్వెన్సీతో కంపిస్తోందని అనుకోకండి. నక్షత్రం వేగంగా తిరుగుతుంటే ఆ తిరుగుడు వచ్చి మన అంకెలో కలిసిపోతుంది.

ఎంత వేగమంటే, మనకి బాగా తెలిసిన శ్రవణం, అంటే ఆల్టెయిర్, పది గంటలలోపే ఒక చుట్టు తిరిగేస్తుంది. మధ్యలో ఉబ్బి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది, ధ్రువాల దగ్గర వేడి ఎక్కువ, మధ్యలో తక్కువ. దాని కంపనాలు అంతరిక్షం నుంచి దొరికిన తీరు కూడా గొప్పదే. 1999లో వెళ్లిన వైర్ ఉపగ్రహంలో టెలిస్కోపుని చల్లగా ఉంచాల్సిన హైడ్రోజన్ మొదట్లోనే ఆవిరైపోయి అసలు పని ఆగిపోతే, దిశ చూసుకోడానికి పెట్టిన చిన్న కెమెరాతోనే ఈ నక్షత్రాన్ని కొలిచారు.

ఇప్పుడు మీకంత కష్టం లేదు. 2018లో వెళ్లిన నాసా అంతరిక్ష టెలిస్కోపు టెస్ డేటా మాస్ట్ అనే ఆన్‌లైన్ ఆర్కైవులో ఉచితంగా దొరుకుతుంది, పైథాన్‌లో లైట్‌కర్వ్ ప్యాకేజీతో నాలుగు లైన్లలో దింపుకోవచ్చు. వీలైతే 2 నిమిషాలకొక కొలత ఉన్న డేటా తీసుకోండి. మొదటి రెండేళ్ల పూర్తి ఫ్రేములు 30 నిమిషాలకొకటి, వాటితో రోజుకి 24 సైకిళ్ల పైన ఉన్నదేదీ నమ్మకంగా చెప్పలేం. నెమ్మదిగా కంపించే బి తరగతి (బాగా వేడైన నీలి) నక్షత్రాలకి అది చాలు గానీ వేగంగా కంపించే డెల్టా స్కూటీ రకానికి చాలదు.

దింపగానే ఫూరియర్‌కి, అంటే ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్కకి, పరుగెత్తకండి, ముందు పిక్సెళ్లు చూడండి. టెస్ ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు, అంత జాగాలో పక్క నక్షత్రం వెలుగు కూడా కలిసిపోవచ్చు. ఎపర్చర్‌ని, అంటే వెలుగు కూడే పిక్సెళ్ల గుంపుని, కాస్త అటూ ఇటూ జరిపి చూడండి, పక్క నక్షత్రం వైపు జరిపినప్పుడు పీక్ పెరిగితే ఆ కంపనం మీ నక్షత్రానిది కాకపోవచ్చు.

ఇంకో ప్రమాదం లైట్‌కర్వ్‌లో నెమ్మదైన మార్పులని చదును చేసే ఫ్లాటెన్ కమాండ్. గ్రహాలు వెతికేవాళ్లకి అది ప్రాణం, మనకి మాత్రం హాని. దాని డిఫాల్ట్ విండో 101 పాయింట్లు, అంటే 2 నిమిషాల డేటాలో సుమారు 3.4 గంటలు, కాబట్టి రోజుకోసారి కంపించే నక్షత్రం మొత్తం సిగ్నల్‌ని అది ట్రెండ్ అనుకుని తుడిచేస్తుంది, మీరేమో శుభ్రమైన గీత చూసి నక్షత్రం కంపించడం లేదనుకుంటారు. చెడ్డ పాయింట్లు తీసెయ్యండి, సెక్టార్ (టెస్ ఆకాశంలో ఒకే భాగాన్ని చూసే విడత) మధ్యలో డేటాని భూమికి దింపే విరామం దగ్గర వచ్చే ఎగుడుదిగుళ్లు చూసుకోండి, అవసరమైతే చాలా నెమ్మదైన ట్రెండ్ మాత్రమే తియ్యండి.

తర్వాత మామూలు పద్ధతే. పెద్ద పీక్‌కి సైన్ తరంగం అమర్చి డేటాలోంచి తీసెయ్యడం, మిగిలినదానికి మళ్లీ ఫూరియర్. శబ్దం కంటే 4 రెట్లుంటే చాలనేది భూమ్మీది డేటాకి పెట్టుకున్న నియమం, టెస్‌కి కనీసం 5 పెట్టుకోండి. ఒక్క సెక్టార్ 27 రోజులు, అంటే రోజుకి 0.037 సైకిళ్ల కంటే దగ్గరగా ఉన్న రెండు పీకులని విడదీయలేం, వరసగా చాలా సెక్టార్లు ఉన్న నక్షత్రం దొరికితే వదలకండి. ఏ ఫ్రీక్వెన్సీ అయినా మరో రెండింటి మొత్తమో, ఒకదానికి రెట్టింపో అయితే దాన్ని కొత్త కంపనంగా లెక్కెయ్యకండి.

ఇక అసలు విషయం. వర్ణపటం నుంచి భ్రమణ వేగం తెచ్చుకోండి. నక్షత్రం వ్యాసార్థం సూర్యుడికి 5 రెట్లు, కొలిచిన వేగం సెకనుకి 300 కిలోమీటర్లు అనుకుందాం. భ్రమణం రోజుకి సుమారు 1.2 సైకిళ్లు, అక్షం వంపు వల్ల అసలుది ఇంకా ఎక్కువే ఉండొచ్చు. దాంతోపాటే తిరుగుతూ చూస్తే 0.8 సైకిళ్లుండే నెమ్మదైన కంపనం, భ్రమణ దిశలోనే పోతూ ఎం విలువ 2 (నక్షత్రం చుట్టూ రెండు అలలు) ఉన్నదైతే, మనకి 0.8కి రెండు 1.2లు కలిసి 3.2 దగ్గర కనిపిస్తుంది. ఆ 3.2 చూసి ఇది వేగంగా కంపించే బీటా సెఫీ రకం అనేస్తే మొత్తం కథ తప్పుతుంది. బీఈ నక్షత్రాల్లో (వేగంగా తిరుగుతూ పదార్థాన్ని బయటికి విసిరే బి తరగతివి) పీకులు గుంపులు గుంపులుగా, రెండో గుంపు మొదటిదానికి దాదాపు రెట్టింపు దగ్గర కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

అందుకే ఒక్కో పీక్‌కి పేరు పెట్టే తొందర మానేసి వరసలు వెతకండి. గురుత్వ కంపనాల్లో (తేలే బలం వల్ల లోపల సాగే నెమ్మదైన కంపనాల్లో) పక్కపక్క పీరియడ్ల మధ్య తేడాలు గీస్తే, భ్రమణ దిశలో పోయేవాటికి పీరియడ్ పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వస్తుంది, ఆ వాలు నుంచి లోపలి భ్రమణమే తెలిసిపోతుంది. నాలుగేళ్ల కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు డేటాలో ఈ వరసలు ఎంత అందంగా కనిపిస్తాయో ఒకసారి చూస్తే ఈ పని వదలబుద్ధి కాదు.

వరస కనిపించకపోతే డేటాని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి విడిగా ఫూరియర్ వేసి చూడండి. బీఈ నక్షత్రాలు పదార్థాన్ని బయటికి విసిరే రోజుల్లో కంపనాల బలం మారిపోతుంటుంది, అప్పుడు మారే ఒకే పీక్ మీ జాబితాలో మూడు నాలుగు దగ్గర దగ్గర పీకులుగా నమోదవుతుంది.