ఊళ్ళో చదువు ఆపేసిన పిల్లలకి చేతిపని నేర్పిద్దాం అనుకుంటున్నారా, ముందు ఇది చూడండి

చాలామంది మొదటి రోజే చేసే పని ఏంటంటే మిషన్లు కొనేయడం. నేనూ అదే చేశా. మొదటి బ్యాచ్‌లో 20 మందికి కుట్టు నేర్పించాం, అందరూ బాగానే నేర్చుకున్నారు, సర్టిఫికెట్లు పంచాం, ఫొటోలు దిగాం, ఆర్నెల్లయ్యాక వెళ్ళి చూస్తే మిషన్ తొక్కుతున్నది ముగ్గురే. తప్పు పిల్లలది కాదు, ఒకే ఊళ్ళో 20 మంది కుట్టడం మొదలెడితే కుట్టించుకునేదెవరు? ఆ ముక్క మేం ముందే లెక్కేసుకోవాల్సింది.

అందుకే ఇప్పుడు నేనెవరికైనా చెప్పేది ఒకటే, ట్రేడ్, అంటే నేర్పబోయే పని, ఎంచుకునే ముందు గిరాకీ లెక్కపెట్టండి. ఒక నోట్‌బుక్ పట్టుకుని వారం రోజులు చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళు తిరగండి. "మీ పిల్లలకి ఏం నేర్పిద్దాం" అని మాత్రం అడక్కండి, అలా అడిగితే అందరూ కంప్యూటర్ అంటారు. అడగాల్సింది ఇలా: పోయిన నెలలో మీ ఇంట్లో, మీ పొలంలో ఏం పాడైంది, ఎవరితో బాగుచేయించారు, ఎన్ని రోజులు ఆగాల్సొచ్చింది. నీళ్ళ మోటార్ కాలిపోయి రివైండింగ్ కోసం, అదే లోపలి తీగ మళ్ళీ చుట్టించడానికి, టౌన్‌కి మోసుకెళ్ళామనో, గేటు వెల్డింగ్‌కి వారం నుంచి ఎదురుచూస్తున్నామనో చెప్తారు కదా, అదే మీ ట్రేడ్. ఇంకో లెక్క కూడా రాసుకోండి, ఆ పనికి ఈ నాలుగైదు ఊళ్ళలో ఎంతమంది సరిపోతారు అని. ఇద్దరు చాలు అనిపిస్తే ఇద్దరికే నేర్పండి, మిగతావాళ్ళకి వేరే పని చూడండి. బ్యాచ్ మొత్తానికి ఒకే ట్రేడ్ పెట్టడం నేర్పేవాళ్ళకి సుఖంగా ఉంటది గానీ నేర్చుకునేవాళ్ళకి కాదు.

ఇది నా సొంత కనిపెట్టుడేం కాదులెండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అదే ఐఎల్ఓ, ట్రీ (TREE, ఊళ్ళలో సంపాదన పెంచే ట్రైనింగ్) అనే పద్ధతిని 2000ల మొదట్లో పాకిస్తాన్‌లో ఫిలిప్పీన్స్‌లో పెట్టి చూసింది, అందులో కూడా వరస ఇదే, ముందు ఆ ఊళ్ళో సంపాదనకి దారేముందో వెతకడం, తర్వాత దానికి తగ్గ ట్రైనింగ్, ఆ తర్వాత పని మొదలెట్టినవాళ్ళకి వెనకుండి సాయం.

ఇక పిల్లలు. మైకులో చెప్పి పోస్టర్ అంటిస్తే ఎలాగైనా వచ్చేవాళ్ళే వస్తారు. మనం ఎవరికోసం పెట్టామో వాళ్ళు రారు, ఎందుకంటే వాళ్ళు రోజు కూలికి పోతున్నారు, క్లాసుకొస్తే ఆ రోజు కూలి పోద్ది. కాబట్టి క్లాస్ సగం పూటే పెట్టండి, కుదిరితే కొంత స్టైపెండ్ ఇవ్వండి, కోతల టైంలో మొహమాటం లేకుండా సెలవిచ్చేయండి. ఆడపిల్లలు రావట్లేదంటే ఆసక్తి లేదని రాసేసుకోకండి, చీకటి పడకముందే ఇల్లు చేరే టైమింగ్ ఉందా, టాయిలెట్ ఉందా, లోపల్నుంచి గడియ పడుద్దా, వాళ్ళమ్మ ఒకసారొచ్చి క్లాసు జరిగే షెడ్డు చూసిందా, ఇవి చూడండి ముందు. ఫోన్ రిపేరు, మోటార్ వైండింగ్ లాంటి ఓపిక పనుల్లో నా దగ్గర అమ్మాయిలే ముందుండేవాళ్ళు. వయసు విషయంలో ఒక గీత ఉంది, 1973 నాటి ఐఎల్ఓ 138వ ఒప్పందం ప్రకారం ప్రమాదకరమైన పనికి మామూలుగా 18 నిండాలి. కాబట్టి 15 ఏళ్ళ కుర్రాడిని తీసుకొచ్చి కరెంటు స్తంభమో గ్రైండింగ్ మిషనో అప్పజెప్పకండి.

నేర్పే మనిషి దొరకడం అన్నిటికంటే కష్టం. చేతిలో పనున్న మేస్త్రికి నోట్లో పాఠం ఉండదు, "చూస్తూ ఉండు, అదే వస్తది" అంటాడు, ఆయనకి అలాగే వచ్చింది మరి. ఆయన పక్కన రెండ్రోజులు కూర్చుని పనిని ముక్కలు చేయించాలి. ఉదాహరణకి వైరు తోలు తీయడం. చూడ్డానికి ఏముంది, బ్లేడుతో గీరి లాగేయడమే. కానీ బ్లేడు నిటారుగా పెట్టి చుట్టూ కోస్తే రాగి మీద గాటు పడుద్ది, తర్వాత వంచినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుద్ది, మల్టీ స్ట్రాండ్ వైరైతే నాలుగు పోగులు తెగిపోయి మిగిలిన పోగుల మీదే లోడంతా పడి వేడెక్కుద్ది. పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా తీయాలి. మా ఎలక్ట్రీషియన్ మేస్త్రి ఈ ఒక్కదానికే ఒక పూట మొత్తం తీసుకున్నాడు, ప్రతి ముక్కనీ వేలితో వంచి చూసి విరిగినవన్నీ ఒక డబ్బాలో వేసేవాడు, సాయంత్రం ఆ డబ్బా పిల్లల ముందు బోర్లించాడు. ఇంకెవరూ మర్చిపోలేదు.

అలాగే టెస్టర్ పెట్టడం. కరెంటు తీసేశాక వైరు ముట్టుకునే ముందు టెస్టర్ పెట్టాలని అందరికీ తెలుసు, కానీ ఆ టెస్టరే పాడైతే? అందుకే ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతుందో లేదో చూడాలి, తర్వాత పనిచేసే చోట చూడాలి, మళ్ళీ వెనక్కొచ్చి కరెంటున్న చోట చూడాలి. మూడుసార్లు. ఇది అలవాటయ్యేదాకా కుర్రాడి చేతికి స్విచ్ బోర్డు ఇవ్వొద్దు, ఎంత తెలివైనవాడైనా సరే.

లెక్కలంటే భయపడి బడి మానేసినవాళ్ళే ఎక్కువుంటారు కదా, వాళ్ళకి బోర్డు మీద లెక్కలు మొదలెడితే రెండో రోజే ఎగ్గొడతారు. పనిలోనే కలిపేయండి. తాపీ పనిలో గోడ మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 4 అడుగులు గుర్తు పెట్టి ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టాలి, 5 అడుగులొస్తే మూల కరెక్టు, తక్కువొస్తే మూల ముడుచుకుంది, ఎక్కువొస్తే తెరుచుకుంది. మూలమట్టం పెద్ద గోడలకి చాలదు, ఇది చాలుద్ది. బళ్ళో పైథాగరస్ అంటే పారిపోయిన కుర్రాడే దీన్ని పక్కవాడికి చెప్తుంటాడు.

షెడ్డులో నేర్చుకుంది సగమే, మిగతా సగం నిజమైన షాపులో. జర్మనీలో ఇది ఎప్పట్నుంచో ఉంది, వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని, ఒకటి రెండు రోజులు బడి, ట్రేడ్‌ని బట్టి రెండు నుంచి మూడున్నర ఏళ్ళు. మనకి అంత ఏర్పాటు లేకపోయినా షాపు ఓనర్‌తో ఒక పేజీ కాగితం రాసుకోవచ్చు, ఏ నెలలో ఏం నేర్పిస్తాడు, ఎన్ని గంటలు, ఏమిస్తాడు అని. లేదంటే ఆర్నెల్లూ ఊడవడం, పానాలు అందించడంతోనే అయిపోద్ది.

పరీక్ష కాగితం మీద పెట్టకండి. మీరే పాడుచేసిన ఫ్యాన్ ఒకటి ఇవ్వండి. స్విచ్ వేస్తే గుంయ్ మంటది గానీ తిరగదు, చేత్తో తోస్తే మాత్రం తిరుగుద్ది. కెపాసిటర్, అదే ఫ్యాన్ తిరగడానికి ఊపిచ్చే చిన్న డబ్బా, అనుమానించాడా, తీసే ముందు డిశ్చార్జ్ చేశాడా, అంటే అందులో నిలిచిన కరెంటు దించేశాడా, కొత్తది వేసినా తిరక్కపోతే స్టార్టింగ్ వైండింగ్, అదే మోటార్‌ని కదిలించే తీగచుట్ట, మీటర్‌తో చూశాడా, ఏ వరసలో వెళ్తున్నాడో గమనించండి. నేరుగా మోటార్ విప్పేసినవాడికి ఇంకో నెల కావాలి.

డబ్బులడగడం కూడా నేర్పాలి, నవ్వకండి. పని బాగా వచ్చినవాడే చుట్టాల దగ్గర, తెలిసినవాళ్ళ దగ్గర "మీ ఇష్టం, ఎంతిస్తే అంత" అని నిలబడి, మూడు నెలల్లో మళ్ళీ కూలికెళ్ళిపోతాడు. సామాను ఖర్చు, రాకపోకలు, పట్టిన గంటలు, పనిముట్ల అరుగుదల, ఈ నాలుగూ కాగితం మీద వేసి పని మొదలెట్టకముందే రేటు చెప్పడం క్లాసులోనే ప్రాక్టీస్ చేయించండి, ఒకడు బేరమాడే కస్టమర్, ఒకడు మెకానిక్. మావాళ్ళు బేరాలాడ్డంలో ఎంత ఆరితేరారంటే మేస్త్రినే తిప్పలు పెట్టేవాళ్ళు.

ఇక మీ బడ్జెట్. చేతిలో 20 మందికి సరిపడా డబ్బుంటే 12 మందినే తీసుకోండి. మిగిలింది పనిముట్ల కిట్‌కీ, ట్రైనింగ్ అయ్యాక ఆర్నెల్లకీ ఉంచండి. సొంత పనిముట్లు లేని ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్‌తో స్క్రూ తిప్పలేడు కదా. మొదటి పది పనులకి ఒక సీనియర్ వెంట వెళ్ళాలి, మాట్లాడకుండా పక్కన నిలబడితే చాలు. తర్వాత నెలకోసారి అందర్నీ కూర్చోబెట్టండి, ఏ పని చెడింది, ఎవరు డబ్బులు ఎగ్గొట్టారు, ఏ సామాను నకిలీ వచ్చింది, అన్నీ అక్కడే తేలతాయి. మేస్త్రి ఫోన్ నంబర్ అందరి దగ్గరా ఉండాలి, ఆయన రాత్రి పూట కూడా ఎత్తాలి, దానికి ఆయనకి విడిగా ఎంతో కొంత ఇవ్వాలి.

ఏడో నెలలో ఆ పాత నోట్‌బుక్ తీసుకుని మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళి అవే ప్రశ్నలు అడగండి. మోటార్ టౌన్‌కి మోసుకెళ్ళడం ఆగిందా లేదా తెలుస్తది, ఇప్పుడు కొత్తగా దేనికోసం ఎదురుచూస్తున్నారో కూడా తెలుస్తది, రెండో బ్యాచ్ ట్రేడ్ అందులోంచే తీసుకోండి.