స్పితి సోలో ట్రిప్ నుంచి దిగి రావడం ఎలా: ఆఖరి నాలుగు రోజుల లెక్క

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకి సోలోగా వెళ్ళేవాళ్ళందరూ ఎక్కడం గురించే అడుగుతారు, షిమ్లా వైపు నుంచి వెళ్ళాలా మనాలి వైపు నుంచా, ఎత్తు పడుతుందా లేదా, ఏ జాకెట్ కొనాలి అని. దిగడం గురించి ఒక్కరూ అడగరు. నాకు మాత్రం ఇబ్బందులన్నీ చివర్లోనే వచ్చాయి, అప్పటికి ఒళ్ళు అలిసిపోయి ఉంటది, డబ్బులు అడుగంటి ఉంటాయి, మనసు ఎప్పుడో ఇంటికెళ్ళి కూర్చుంటది, కాళ్ళు మాత్రం ఇంకా రాళ్ళ మీదే ఉంటాయి.

అందుకే తిరుగు టికెట్ తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటూ రండి. ఢిల్లీలో మీ ఫ్లైటో ట్రైనో ఆదివారం అనుకోండి, శుక్రవారం రాత్రి మనాలిలో బస్సు ఎక్కితే శనివారం పొద్దున్నకి ఢిల్లీ. అంటే స్పితిలో ముఖ్యమైన ఊరు కాజాలో బయల్దేరాల్సింది గురువారం కాదు, బుధవారం. గురువారం ఏ పనీ లేని రోజు, దాన్ని దేనికీ వాడుకోవద్దు. మనాలి దారిలో ఉండే కుంజుమ్ పాస్ (కొండ కనుమ) బుధవారం మూసేశారనుకోండి, గురువారం పొద్దున్నే షిమ్లా వైపు దారిలో తాబో, నాకో మీదుగా రెకాంగ్ పియో దిగిపోయి శుక్రవారం షిమ్లా, అక్కడ నైట్ బస్సు, శనివారం ఢిల్లీ, లెక్క సరిపోతుంది. అయితే ఆ రోడ్డు మీద కూడా వానాకాలంలో కొండచరియలు పడతాయి కాబట్టి జూలై, ఆగస్టుల్లో వెళ్తే ఒకటి కాదు రెండు ఖాళీ రోజులు పెట్టుకోండి. 2023 జూలైలో బియాస్ నది పొంగి మనాలి రోడ్డే తెగిపోయింది, చంద్రతాల్ సరస్సు దగ్గరైతే జనం మంచులో రోజుల తరబడి ఇరుక్కుపోయారు.

కాజా నుంచి మనాలి దాదాపు 200 కిలోమీటర్లు, కిలోమీటర్లు చూసి మోసపోకండి, పాస్ దాటి బాతల్ దగ్గర్నుంచి ఛత్రు మీదుగా గ్రంఫూ దాకా చాలా చోట్ల అది రోడ్డు కాదు, నది పక్కన పరిచిన బండలు. ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. ఇక్కడ అసలు సంగతి నాలాలు, అంటే రోడ్డుకి అడ్డంగా పారే వాగులు. పైన హిమానీనదాలు రాత్రి గడ్డకట్టి ఉంటాయి, ఎండెక్కేకొద్దీ కరుగుతాయి, ఆ నీళ్ళు మధ్యాహ్నానికి కిందకొస్తాయి, పొద్దున్న మోకాలి లోపు ఉన్న వాగు మూడింటికి బండిని తోసేసేలా ఉంటది. లోకల్ డ్రైవర్లు తెల్లారకముందే బయల్దేరేది అందుకే. బస్సైనా షేర్ సుమో అయినా ముందురోజు సాయంత్రమే టైమ్ కనుక్కుని సీటు మాట్లాడుకోండి. మొదటిసారి నేను తీరిగ్గా టిఫిన్ చేసి తొమ్మిదింటికి ఒక బండి పట్టుకున్నా, ఒక నాలా దగ్గర డ్రైవర్ ఆపేసి ఇంక వెళ్ళనన్నాడు, ఆయన చేసింది కరెక్టే, ఆ రాత్రి దాబా టెంట్‌లో పడుకున్నా, ఫ్లైట్ పోయింది, ఆ డబ్బులూ పోయాయి.

కుంజుమ్‌కి ముందొచ్చే లోసర్ ఊరు దాటాక చాలా దూరం సిగ్నల్ ఉండదు. ఇంట్లోవాళ్ళకి "రేపు రాత్రి దాకా ఫోన్ కలవకపోతే కంగారు పడకండి, ఎల్లుండి పొద్దున్నకి కూడా కలవకపోతే ఇదిగో నేనున్న హోమ్‌స్టే నంబర్" అని మెసేజ్ పెట్టి బయల్దేరండి. ఒంటరిగా వెళ్ళినోళ్ళకి ఇదొక్కటే ఇన్సూరెన్స్. హోమ్‌స్టే లెక్క కూడా రాత్రే కట్టెయ్యండి, తెల్లారి నాలుగింటికి యూపీఐ తిరుగుతూ ఉంటే వాళ్ళకీ నిద్ర పాడు. చేతిలో క్యాష్ ఉంచుకోండి, రెండు రోజుల తిండికి, పడకకి సరిపడా.

4,551 మీటర్ల కుంజుమ్ మీద డ్రైవర్లు అమ్మవారి గుడి చుట్టూ బండి ఒక చుట్టు తిప్పుతారు, ఎంత తొందరున్నా ఎవరూ మానరు, ఫొటోకి అదే టైమ్. ఎక్కువసేపు నిలబడితే తల బరువెక్కుతుంది.

ఆఖరి రోజుల్లో చిన్న ట్రెక్ ఉంటే దిగేటప్పుడు జాగ్రత్త, చీలమండలు మడతపడేది ఎక్కువగా అప్పుడే. లేసులు మళ్ళీ బిగించండి, వేళ్ళు ముందుకు జారి గోళ్ళు నల్లబడకుండా ఉంటాయి. చిన్న అడుగులు, మోకాలు కొంచెం వంచి, కర్రలుంటే కాస్త పొడవు పెంచి.

మనాలి చేరాక వశిష్ఠ్‌లో వేడినీళ్ళ గుండాలున్నాయి, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరుగా, నేనైతే మిగిలిన ఖాళీ రోజంతా అక్కడే గడిపేస్తా. బ్యాగ్ కూడా అక్కడే సర్దాలి. స్టవ్ గ్యాస్ డబ్బా ఫ్లైట్‌లో ఎక్కించరు, చెకిన్‌లో కూడా, ట్రైన్‌లోనూ తీసుకెళ్ళకూడదు, పైకి వెళ్ళే ఎవరో ఒకరికి ఇచ్చెయ్యండి. కత్తి, కర్రలు చెకిన్‌లో, పవర్‌బ్యాంక్ మాత్రం చేతి బ్యాగులో. 100 వాట్ అవర్ దాటితే ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి, అంటే మామూలుగా 27,000 ఎంఏహెచ్ లోపు ఉంటే గొడవ లేదు.

ఇంటికొచ్చిన రోజు నిద్రపోండి గానీ ముందు టెంట్, స్లీపింగ్ బ్యాగ్ రెండూ బయటకి తీసి ఆరేసి పడుకోండి, తడితో మడిచి ఉంచితే వారంలో బూజు. స్లీపింగ్ బ్యాగ్‌ని మళ్ళీ ఆ చిన్న సంచిలో కుక్కొద్దు, ఈకలు అణిగిపోయి వచ్చే ఏడాదికి వెచ్చదనం ఉండదు, పెద్ద కాటన్ సంచిలో వదులుగా వేలాడదీయండి. బూట్లలో ఇన్‌సోల్స్ (లోపలి అట్టలు) తీసి పేపర్ కుక్కి నీడలో పెట్టండి, ఎండలో పెడితే జిగురు ఊడుతుంది, నా రెండో జత అలాగే పోయింది.