కొట్టు లెక్క – 4వ పాఠం: గల్లాలో ఎంత, ఫోన్‌లో ఎంత

పోయిన పాఠంలో ఇంటి ఖాతా, కొట్టు ఖాతా విడదీయమన్నాను. ఇంకా విడదీయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. 2025 జూలైలో బెంగళూరులో చిన్న కొట్లవాళ్లకు యూపీఐ జమలు చూసి జీఎస్టీ నోటీసులు వచ్చాయి. బావమరిది తిరిగిచ్చిన చేబదులూ, చిట్టీ పాడిన డబ్బూ కొట్టు క్యూఆర్‌లోనే పడితే, ఏది అమ్మకమో ఏది కాదో రుజువు చేసుకోవాల్సింది మనమే.

ఈసారి ఆదాయపు పన్ను. చిన్న వ్యాపారికి 44ఏడీ అనే సులువు దారి ఉంది (2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో నంబరు వేరు, జనం నోట మాత్రం ఇదే). ప్రతి ఖర్చుకూ రసీదు చూపి లాభం తేల్చక్కర్లేదు. బ్యాంకులో, ఫోన్‌లో వచ్చిన అమ్మకం మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపిస్తే చాలు. ఏడాది అమ్మకాలు 2 కోట్లు దాటకూడదు. నగదు 5 శాతంలోపే ఉంటే 3 కోట్ల దాకా వెళ్లొచ్చు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవాళ్లకు ఈ దారి లేదు.

రెండు శాతమే కదా అనుకోకండి. ఏడాదికి 1.9 కోట్లు అమ్మే కొట్టు తీసుకుందాం. అంతా ఫోన్‌లోనే వస్తే లాభం 11.4 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే, 2025-26 కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ) కాబట్టి పన్ను సున్నా. అంతా నగదైతే లాభం 15.2 లక్షలు, పన్ను సెస్సుతో కలిపి 1,12,320 రూపాయలు. సరుకు అదే, కొట్టు అదే! పన్ను సున్నా అయినా లాభం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. కట్టాల్సింది 10,000 అంతకుమించి ఉంటే మార్చి 15లోపు ముందస్తు పన్ను కట్టాలి. ఇంకోమాట: 6, 8 అనేవి కనీసం. నిజంగా అంతకన్నా మిగిలితే మిగిలిందే చూపాలి.

ఇక చేతిపని. అందుకే లెక్క పుస్తకంలో రోజూ నగదుకో గడి, ఫోన్‌కో గడి వేరుగా పెట్టండి. షట్టర్ సగం దించి గల్లా ఎంచండి. 11,400 ఉంది. పొద్దున వదిలిన చిల్లర 2,000 తీసేస్తే 9,400. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఇదే అమ్మకమని రాసేస్తారు. మధ్యాహ్నం ఆటోవాడికిచ్చిన 600, ఇంటికి కూరగాయలకని తీసిన 300 కూడా అమ్మిన డబ్బే. కలిపితే 10,300. ఇది నగదు గడిలోకి. ఫోన్‌లో 18,200 పడింది, అందులో 2,000 తమ్ముడు పంపింది; ఫోన్ గడిలో 16,200 రాసి, తమ్ముడి సంగతి పక్కన పెన్నుతో రాయండి. ఆర్నెల్ల తర్వాత అది మీకే గుర్తుండదు.

అరువుకు మూడో గడి. సరుకు ఇచ్చిన రోజే అది అమ్మకం. అందుకే పాత అరువు వసూలైతే ఆ రోజు అమ్మకంలో కలపకూడదు. అయితే ఏ రూపంలో వచ్చిందో తప్పక రాయండి: ఈ ఏడాది అరువు, రిటర్ను గడువులోపు ఫోన్‌లో వసూలైతే దానికీ 6 శాతమే.

అభ్యాసం: పొద్దున చిల్లర 1,500. రాత్రి గల్లాలో 7,250. హమాలీకి 400, పిల్లాడి ఫీజుకు 1,000 గల్లాలోంచే పోయాయి. పాత అరువు 850 నగదుగా వచ్చింది. ఆ రోజు నగదు అమ్మకమెంత? జవాబు వచ్చే పాఠంలో, జీఎస్టీ కాంపోజిషన్‌తో (చిన్న వ్యాపారికి జీఎస్టీలో ఉన్న సులువు దారి) పాటు.