బోరు మోటారు తిరగట్లేదా? లాగే ముందు పైన చూడండి

రాయలసీమలో 800 అడుగుల లోతున మోటారు ఉన్న రైతు దాన్ని పైకి లాగాలంటే బండి మాట్లాడాలి, మనుషుల్ని పెట్టాలి, వేలు ఖర్చు పెట్టాలి. అందుకే పైన చూడాల్సినవన్నీ చూశాకే లాగే మాట ఎత్తుతాడు. మన కోనసీమలో నీరు పైనే ఉంటుంది. మోటారు నల్ల గొట్టానికి వేలాడుతుంటుంది, ఇద్దరు మనుషులుంటే గంట తిరక్కుండా గట్టు మీద ఉంటుంది. ఆ తేలికే మన కొంప ముంచుతోంది. మోటారు పలక్కపోతే ముందు లాగేయడం, తర్వాత ఆలోచించడం అలవాటైపోయింది.

మా కొబ్బరితోటలో ఒక వేసవిలో అదే జరిగింది. ధవళేశ్వరంలో నీళ్ళు ఆపేసి కాలువలు కట్టేశారు, అంతర పంటగా వేసిన అరటి తలలు వేలాడేసింది. మోటారు గుయ్‌మంటుంది, తిరగదు. కాలిపోయిందన్నారు, లాగించాం. తీరా చూస్తే పోయింది పైన ప్యానెల్లో, అంటే స్టార్టర్ పెట్టెలో, ఉన్న కండెన్సర్. మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చేది అదే. ఈలోగా తాడు వదిలేసి కేబుల్ పట్టుకుని లాగడంతో బాగున్న జాయింటు కాస్తా తెగింది. ఒక రోజు పని నాలుగు రోజులైంది. మరొకరికి అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

చెయ్యి పెట్టే ముందు

మెయిన్ దించండి. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి, ఇంకొకరు వచ్చి వేయకుండా ఉంటారు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడొద్దు. కరెంటు తీసేశాక కూడా కండెన్సర్లో చార్జి మిగిలే ఉంటుంది. హోల్డరుకు బిగించిన పాత ఫిలమెంట్ బల్బు వైర్లు దాని రెండు కొసలకూ కాసేపు ఆనిస్తే చార్జి దిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించడం చూస్తుంటాం, అది వద్దు.

బటన్ నొక్కితే చప్పుడే లేదు, ఆంపియర్ ముల్లు సున్నా దగ్గరే ఉంది

ఇది చాలామటుకు పైన జబ్బే. టెస్టర్ వెలిగింది కదా, కరెంటు ఉన్నట్టేనని అనుకోకండి. టెస్టర్ ఫేజు ఉందని మాత్రమే చెబుతుంది. న్యూట్రల్ తెగిపోయినా అది వెలుగుతూనే ఉంటుంది. ఇంటి బోరు, అంటే సింగిల్ ఫేజు మోటారైతే, 100 వాట్ల బల్బును ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టి చూడండి. నిండుగా వెలగాలి. మిణుకుమిణుకుమంటే స్తంభం దగ్గరో మీటరు దగ్గరో వైరు వదులైనట్టు. త్రీ ఫేజు మోటారుకు బల్బు పనికిరాదు, మీటరుతో చూడాలి. ఏ రెండు ఫేజుల మధ్య చూసినా 415 వోల్టుల దరిదాపుల్లో రావాలి. తోట కనెక్షన్లకు త్రీ ఫేజు ఇచ్చే వేళ అవునో కాదో కూడా గుర్తు చేసుకోండి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందని తేలితే మీరు మాత్రం గద్దె ఎక్కొద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, లేదా లైన్‌మ్యాన్ వచ్చేదాకా ఆగండి. ఒక తడి తడిసే పొలం కోసం ప్రాణం పోగొట్టుకోకూడదు.

సరఫరా బాగుంటే ప్యానెల్ తలుపు తీయండి. మోటారు కరెంటు ఎక్కువ లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయి ఉంటే, అంటే పడిపోయి ఉంటే, రీసెట్ నొక్కండి. డ్రై రన్ ప్రివెంటర్ ఉంటే అదీ చూడండి, వేసవిలో బోర్లో నీటిమట్టం దిగితే అది ఆపేస్తుంది. గంటో రెండు గంటలో ఆగాక మోటారు మామూలుగా లేస్తే తప్పు మోటారుది కాదు, నీటిది.

ఇక చీమలు. నవ్వుకోవద్దు, తోటల్లో స్టార్టర్ పలక్కపోవడానికి చీమలు, బల్లులు పెద్ద కారణమే. స్టార్టర్లో కలిసి మోటారుకు కరెంటు పంపే కాంటాక్టర్ పాయింట్ల మధ్య చీమ నలిగితే పాయింట్లు కలవవు. పొడి బ్రష్‌తో దులపండి, పురుగుమందు స్ప్రే కొట్టొద్దు, ప్యానెల్‌కున్న కన్నాలు మూయండి. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో, చెరువుల గట్ల మీద ఉప్పుగాలికి టెర్మినళ్ళు చిలుము పడతాయి. వైరు చివర కోసేసి, కొత్త రాగి తేలేలా గీకి బిగించండి. పాయింట్లు గుంటలు పడి నల్లబడితే ఆకురాయి పెట్టడం వారానికి సరిపోయే వైద్యం, కొత్త పాయింట్లు వేయించండి.

స్టార్టర్ పట్టుకుంది, బోరుకు వెళ్ళే టెర్మినళ్ళ దగ్గర వోల్టేజీ పూర్తిగా ఉంది, అయినా ముల్లు కదల్లేదంటే అప్పుడు కింద కేబుల్ తెగిందనో, వైండింగ్ తెగిందనో అనుకోవాలి.

గుయ్‌మంటుంది, ముల్లు పైకి లేచి దిగదు, కాసేపటికి ట్రిప్

మొదట వోల్టేజీ. మోటారు ఆగి ఉన్నప్పుడు కాదు, బటన్ నొక్కిన క్షణంలో చూడాలి. ఆగి ఉన్నప్పుడు 230 చూపించి, నొక్కగానే 160కి పడిపోతే కనెక్షన్ ఎక్కడో వదులుగా ఉంది, లేదా మీటరు నుంచి బోరు దాకా సన్నటి వైరు లాగారు. ఆగి ఉన్నప్పుడే 200 కంటే తక్కువ ఉంటే ఆ పూట ప్రయత్నం మానేయడం మంచిది. త్రీ ఫేజుకైతే 350 అనుకోండి.

తర్వాత కండెన్సర్. ఉబ్బినా, నూనె కారినా చూడక్కర్లేదు, మార్చేయడమే. పైకి బాగానే కనిపించినా లోపల పోయి ఉండొచ్చు, మీటరుతో ఎంఎఫ్‌డీ (కండెన్సర్ కెపాసిటీ) చూడాలి. దాని మీద ఎంత రాసి ఉందో అంతదే కొనండి, వోల్టు అంతకు తగ్గకూడదు. పెద్దది వేస్తే మోటారు బలంగా లేస్తుందన్నది అపోహ, వైండింగ్ వేడెక్కుతుంది.

త్రీ ఫేజులో కండెన్సర్ గొడవ లేదు, ఒక ఫేజు పోవడమే అసలు గొడవ. మిగిలిన రెండు ఫేజుల మీదే నొక్కిన మోటారు నిమిషాల్లో కాలిపోతుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఓవర్‌లోడ్ డయల్ పెంచేవాళ్ళున్నారు. మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గరే ఉంచండి. ట్రిప్ అవడం రోగం కాదు, రోగం ఉందని చెప్పడం.

ఇవన్నీ బాగున్నా గుయ్‌మంటే పంపు పట్టేసినట్టు. డెల్టాలో ఇది సీజన్ జబ్బు. కాలువల్లో నీళ్ళున్నన్నాళ్ళూ బోరు జోలికి ఎవరూ పోరు. నెలల తరబడి నిలిచిన పంపులో సన్న ఇసుక, ఇనుప నీటి తుప్పు పేరుకుని నీటిని నెట్టే చక్రాలను (ఇంపెల్లర్లను) పట్టేస్తాయి. త్రీ ఫేజు అయితే మెయిన్ దించి, ఏవైనా రెండు వైర్లు తారుమారు చేసి, ఒకటి రెండు క్షణాలు వెనక్కి తిప్పి, మళ్ళీ మామూలుగా కలిపి చూడండి. రెండు మూడు సార్లకు వదలకపోతే ఇక ఆపేయండి. సింగిల్ ఫేజులో ఈ పని తెలిసినవాళ్ళకే వదలండి. కాలువలు పారే రోజుల్లో కూడా పదిహేను రోజులకోసారి పది నిమిషాలు నడిపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

నొక్కగానే ఎంసీబీ (దానంతటదే పడే స్విచ్) పడిపోతోంది, లేదా కుళాయి పట్టుకుంటే జిల్లుమంటోంది

జిల్లుమంటే మరోసారి నొక్కొద్దు. మెయిన్ దించి, బోరుకు వెళ్ళే మూడు వైర్లనూ ప్యానెల్ నుంచి విప్పండి. విప్పాక కూడా ఎంసీబీ పడిపోతే తప్పు ప్యానెల్లోనే. నిలబడితే కిందది. అప్పుడు ఆ మూడు వైర్లనే అడగాలి.

మీటరును ఓమ్స్ మీద పెట్టి రెండేసి వైర్లు చూడండి. త్రీ ఫేజులో మూడు రీడింగులూ దాదాపు సమానంగా రావాలి. సింగిల్ ఫేజులో పెద్ద రీడింగు మిగతా రెండిటి మొత్తానికి సరిపోవాలి, ఉదాహరణకు 3, 6, 9. ఏ రీడింగూ రాకపోతే తెగింది. తర్వాత ఒక్కో వైరుకూ ఎర్తుకూ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే వైరు తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే మీటరుతో, చూపించండి. ఒక మెగోమ్ కంటే తక్కువ వస్తే జాయింట్లో నీరు దిగింది, లేదా వైండింగ్ పోయింది. మన బోర్లకు ప్లాస్టిక్ కేసింగే ఎక్కువ, దాన్ని ఎర్తు అనుకోకండి. విడిగా ఎర్తు రాడ్డుకే పట్టాలి.

ఇప్పుడు లాగండి

తాడుతోనే లాగాలి, కేబుల్ మీద బరువు పడకూడదు. ముందు జాయింట్ చూడండి. జాయింట్ దగ్గర కోసి, మోటారు వైపు విడిగా, కేబుల్ వైపు విడిగా మెగ్గర్ పెడితే దోషం ఎటుందో తేలుతుంది. చాలాసార్లు జాయింటే ఉంటుంది, రివైండింగ్ ఖర్చు తప్పుతుంది. మళ్ళీ వేసేటప్పుడు మూడు జాయింట్లూ ఒకే చోట రాకుండా ఎడంఎడంగా వేయించండి. ముందు రబ్బరు టేపు లాగి చుట్టి, దాని మీద మామూలు టేపు. బకెట్ నీళ్ళలో జాయింటు ముంచి, కాసేపు ఉంచి, మెగ్గర్ చూశాకే దించాలి.

గట్టు మీద ఉత్తినే ఒకసారి తిప్పి చూద్దామంటారు. తిప్పనివ్వకండి, నీళ్ళు లేకుండా తిరిగితే బుష్‌లు అరిగిపోతాయి. వాటర్ ఫిల్డ్ మోటారైతే లోపల మంచినీళ్ళు నింపించి, డ్రమ్ములో ముంచి చూడండి.

దించాక మోటారు సాఫీగా నడుస్తుండగా ఆంపియర్లు, వోల్టులు, తేదీ ప్యానెల్ తలుపు లోపల పెయింటుతో రాసి పెట్టండి. వచ్చే వేసవికి ముల్లు అంతకంటే ఒకటి రెండు ఎక్కువ చూపిస్తుంటే, మోటారు ఇంకా తిరుగుతుండగానే మెకానిక్‌ను పిలవండి.